పాత ఏసీ ఇచ్చేసి నా దగ్గరికి రాకండి

ఈ వేసవిలో ఏసీ తగాదాలతో విశాఖలోని నా లాయరు ఆఫీసు మెట్లెక్కినవాళ్లు నలుగురు. గాజువాక, మల్కాపురం, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ. నలుగురి దగ్గరా బిల్లు, వారంటీ కార్డు ఉన్నాయి. ముగ్గురి దగ్గర అసలు ఏసీయే లేదు.

గాజువాక ఆయన సంగతి చెబుతాను. స్టీల్ ప్లాంటులో రిటైరైన పెద్దాయన. ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ కొన్నారు. రెండో వేసవికే చల్లదనం తగ్గింది. మెకానిక్ వచ్చి ‘గ్యాస్ అయిపోయిందండీ’ అని గ్యాస్ ఎక్కించి, డబ్బులు పట్టుకెళ్లాడు. ఆరు నెలలకు మళ్లీ అదే మాట. ఆ తరవాత ఇంకోసారి. ఏసీలో గ్యాస్ స్కూటర్లో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ కారే చోటు ఏదో వెతకకుండా మూడుసార్లు గ్యాస్ నింపినవాడిది సేవాలోపం కాక మరేమిటి?

నాలుగోసారి వచ్చినవాడు అవుట్‌డోర్‌లో కండెన్సర్ కాయిల్ పోయిందన్నాడు. కాయిల్‌కి ఐదేళ్ల వారంటీ అని కార్డులో ఉంది. కంపెనీ మాత్రం సముద్రపు గాలికి తుప్పు పట్టింది, అది వారంటీలోకి రాదని మెయిల్ పెట్టింది. కార్డు వెనక సన్నక్షరాల్లో ఆ షరతు ఉన్నమాట నిజమే. కానీ విశాఖలో షాపు పెట్టి, విశాఖవాళ్లకు అమ్ముతూ, ఈ గాలికి ఆగదన్న సంగతి అమ్మేటప్పుడు చెప్పకపోవడం అన్యాయమని నా వాదన. పైగా అది నిజంగా ఉప్పు తుప్పేనా? ఉప్పుగాలి తిన్న కాయిల్‌కి అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడిపొడిగా రాలతాయి. రాగి గొట్టం అతుకు దగ్గర కారుతుంటే తప్పు తయారీలోనో బిగింపులోనో ఉందని అనుమానించాలి. చూస్తే తెలుస్తుంది.

‘కాయిల్ ఏదండీ?’ అన్నాను.

‘ఎక్స్ఛేంజిలో ఇచ్చీసేం సార్. కొత్తదాని మీద రెండువేలు తగ్గించారు.’

అక్కడితో కేసు సగం చచ్చింది. ఆ రెండువేలకు ఆయన అమ్ముకున్నది తన సాక్షిని.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ ప్రకారం, పరీక్ష చేస్తేగాని తేలని లోపమైతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ వస్తువుకు సీలు వేయించి ల్యాబుకు పంపగలదు. వస్తువే లేనప్పుడు దేనికి సీలు వేస్తారు? తయారీ లోపాన్ని రుజువు చేయాల్సిన భారం ఫిర్యాదీదే. కంపెనీ లాయరు లేచి ‘యంత్రం చూపించండి’ అంటాడు, కూర్చుంటాడు. ఆయనకు అంతకంటే పని లేదు.

అందుకే మళ్లీ చెబుతున్నాను. తగాదా తేలేదాకా పాత ఏసీ గుమ్మం దాటకూడదు. ఉక్కపోతకు ఆగలేరు, ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్లో ఉంటారు, అర్థమవుతుంది. కొత్తది కొనుక్కోండి. పాతది విప్పించి, అవుట్‌డోర్‌తో సహా బాల్కనీలోనో మేడ మీదో కప్పి ఉంచండి. విప్పకముందే సీరియల్ నంబరు స్టిక్కరూ కాయిలూ కనిపించేలా ఫొటోలు తీయండి. ఏసీ పనిలో సర్టిఫికెట్ ఉన్న బయటి మెకానిక్ చేత చూపించి, లోపం ఎక్కడుందో సంతకంతో రాయించుకోండి. ‘ఏసీ నా దగ్గరే ఉంది, మీరొచ్చి పరీక్షించుకోవచ్చు’ అని కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. ఈ ఒక్క ఉత్తరం ఉంటే నా పని ఎంత తేలికవుతుందో!

మెకానిక్ వెళ్తూ వెళ్తూ ఫోనుకొచ్చిన ఓటీపీ అడుగుతాడు. అది చెప్పిన క్షణాన మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టు కంపెనీ రికార్డులోకెక్కుతుంది. గాజువాక ఆయన మూడుసార్లూ చెప్పారు. జాబ్ షీటు ఒక్కటీ అడిగి తీసుకోలేదు. చదువుకున్నవాళ్లే ఇలా చేస్తుంటే నాకు కోపం ఆగదు.

ఇంకొకటి, గడువు. అదే చట్టం 69వ సెక్షన్ ప్రకారం తగాదా పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో కేసు వేయాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే మీ మాట కంపెనీకి చేరవేస్తారు, కంపెనీ మీద ఉత్తర్వు ఇచ్చే అధికారం వాళ్లకు లేదు. ఆ ఫోన్లూ మెయిళ్లూ నడుస్తున్నంత మాత్రాన గడువు ఆగదు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. కంపెనీకి నోటీసు అందిన మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. అయితే ఏ ల్యాబుకు పంపాలన్న ఒక్క ముక్క తేలడానికే నాలుగు వాయిదాలు మింగిన కేసు నేను నడిపాను. ఆ నాలుగు వాయిదాలూ ఆ ఏసీ నా క్లయింటు మేడ మీదే ఉంది కాబట్టి చివరికి పరీక్ష జరిగింది.

గాజువాక ఆయన కొడుకు ఆ అవుట్‌డోర్ కోసం తుక్కు కొట్ల చుట్టూ వారంపాటు తిరిగాడు. దొరకలేదు. కాయిల్ సంగతి వదిలేసి, గ్యాస్ బిల్లుల మీద సేవాలోపం కిందే కేసు వేస్తున్నాం.

నాలుగో ఆవిడ ఎంవీపీ కాలనీ నుంచి మొన్న ఫోన్ చేశారు. కొత్త ఏసీతో షాపు వ్యాన్ వచ్చింది, పాతది విప్పుతున్నారు, ఇచ్చేయమంటారా అని. కొత్తది బిగించమనండి, పాతది అక్కడే దింపించండి అన్నాను. ఫోన్ పెట్టేయకుండానే ఆవిడ వాళ్లతో ఆ మాట చెప్పడం వినిపించింది.