కుండీలోని కలబందకు కుళ్ళు

దృష్టిదోషము తగులకుండుటకు కలబందను గుమ్మమునకు తలక్రిందులుగా వ్రేలాడదీయుట మన గ్రామములలో పరిపాటి. మన్ను, నీరు లేకయే అది నెలల తరబడి పచ్చగా నుండును. అట్టి మొక్క పంచాయతీ కార్యాలయపు వరండాలో, దినదినము నీరు పోసిన కుండీలో కుళ్ళి నశించుట వింతగా తోచవచ్చును. కారణము ఆ నీరే.

కలబంద దళసరి ఆకులలో నీటిని దాచుకొనును. ఆకురంధ్రములను పగలు మూసి రాత్రివేళ తెరచును గనుక ఆ నీరు త్వరగా హరించదు. మన్ను ఎడతెగక తడిగా నున్నచో వేళ్ళకు గాలి యందదు. శిలీంధ్రములు పట్టి అవి కుళ్ళును. కుళ్ళిన వేరు నీటిని పీల్చజాలదు కనుక ఆకులు వడలును. చూచినవారు దాహమని తలచి మరికొంత నీరు పోయుదురు. పెక్కు మొక్కలు చచ్చునది ఇట్లే.

ఆకుల మొదళ్ళు మెత్తబడి దుర్వాసన వచ్చినచో ఆలస్యము కూడదు. మొక్కను పెరికి, మన్ను దులిపి, నల్లబడిన వేళ్ళను శుభ్రమైన కత్తితో కోసివేయవలెను. కాండము నడుమ గోధుమవన్నె కన్పట్టినచో, తెల్లని కండ వచ్చువరకు కోయవలెను. ఇందు జాలి పనికిరాదు. మిగిలిన భాగమును ఐదారు దినములు నీడలో ఆరనిచ్చి, కోత గట్టిపడిన పిదప, సగము ఇసుక కలిపిన మన్నుతో, అడుగున రంధ్రమున్న మట్టికుండీలో నాటవలెను. వారము వరకు నీరు వలదు. కాండమంతయు కుళ్ళినచో ప్రక్క పిలకలను వేరుచేసి నాటవచ్చును. విడి ఆకును గుచ్చిన సాధారణముగా మొలవదు.

పిదప రెండంగుళముల లోతున మన్ను పొడిగా నున్నప్పుడే నీరు పోయవలెను. కార్యాలయమున ఆ పనిని ఒక్కరికే అప్పగించుట మంచిది; వచ్చిన ప్రతివారును చెంబెడు పోయుచున్నచో ఏ ఇసుకయు కాపాడజాలదు.