ఊపిరి తొందర, మడమ నెమ్మది

బుజ్జీ,

నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచీ రాద్దామనుకుంటున్నాను. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం పిల్లల గోలలో పోతుంది. 2025 జనవరిలో ఢిల్లీలో మన ఆడపిల్లలు నేపాల్‌ని 78-40తో ఓడించి ఖోఖోలో మొట్టమొదటి ప్రపంచకప్పు గెలిచారే, ఆ ఆట మళ్ళీ చూసి నీకు హుషారొచ్చింది. మర్నాడు పొద్దున్నే అపార్ట్‌మెంటు చుట్టూ పరుగెత్తావు. ఆ పైన రెండు రోజులు గోడ పట్టుకుని మెట్లు దిగావు. "ఇంక నా వల్ల కాదత్తా" అని తేల్చేశావు.

ముందు ఆ నొప్పి సంగతి. చాన్నాళ్ళు పని లేకుండా ఉన్న కండకి ఒక్కసారిగా పని చెబితే మర్నాడో ఆ మర్నాడో పట్టేస్తుంది. మూడు నాలుగు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. దానికి భయపడక్కర్లేదు. కండలో కాకుండా కీలులో పొడిచినట్టున్నా, వాపు వచ్చినా, ఇదిగో ఇక్కడే అని ఒక్క వేలితో చూపించగలిగినా అది వేరే నొప్పి. అప్పుడు ఆపేసి డాక్టరుకి చూపించుకోవాలి. నీకొచ్చింది మొదటి రకమే.

నువ్వు పరుగెత్తింది ముప్ఫై ఎనిమిదేళ్ళ కాళ్ళతో, పదహారేళ్ళ జ్ఞాపకంతో. జిల్లా ఖోఖో జట్టులో ఛేజర్‌గా ఆడిన పిల్లకి గొంతుక్కూర్చున్న చోటునుంచి ఒక్క ఉదుటున లేవడం ఎలాగో ఇప్పటికీ గుర్తే. ఎప్పుడూ ఆడనివాళ్ళకి ఈ ప్రమాదం లేదు. వాళ్ళు భయంభయంగా నడకతో మొదలుపెడతారు. ఒకప్పుడు ఆడినవాళ్ళే వదిలేసిన చోటునుంచి అందుకోవాలని చూస్తారు.

సర్వీసంతా ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు చెప్పినదాన్ని, నేను చూసింది చెబుతాను. వేసవి సెలవులయ్యాక జూన్‌లో బడి తెరిస్తే మొదటి వారం ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. అందరూ ఆయాసపడేవాళ్ళు, కూర్చునేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. కాళ్ళు పట్టుకుని నా దగ్గరికొచ్చేది జూలైలో, అదీ బాగా ఆడే పిల్లలే. కారణం ఇది. కసరత్తు మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లోనే ఒంట్లో రక్తం కొంత పెరిగి, గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోస్తుంది, ఆయాసం తగ్గుతుంది. కండకి ఇంకాస్త సమయం కావాలి. కండని ఎముకకి కట్టి ఉంచే గట్టి నరాలున్నాయి చూడు, మడమ వెనకా మోకాలి చిప్ప కిందా తగులుతాయి, డాక్టర్లు టెండన్లంటారు, వాటికి రక్తం అందేది తక్కువ, గట్టిపడటానికి నెలలు పడుతుంది. జోడెడ్లలో ఒకటి ఉరికి ఒకటి వెనకబడితే కాడి వంకరపోయినట్టు, ఊపిరి బాగుందని నువ్వు జోరు పెంచే సమయానికి మడమ ఇంకా సిద్ధంగా ఉండదు. అందుకని నీకు గండం ఈ వారం కాదు, నాలుగో వారం, ఐదో వారం. "బ్రహ్మాండంగా ఉందత్తా, రేపు రెండింతలు చేస్తాను" అనిపించిన రోజున నాకు ఫోను చెయ్యి. తిట్టడానికి సిద్ధంగా ఉంటాను.

ఒకప్పుడు ఆడిన ఒంటికి లాభమూ లేకపోలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకంటే నీకు బలం త్వరగా తిరిగొస్తుంది. ఆ త్వరని అదుపులో పెట్టుకుంటే చాలు.

పరుగుకంటే ముందు చేయించాల్సిన పని ఒకటుంది, రక్తపరీక్ష. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి నీరసం అన్నావు. అది ఒళ్ళు బద్ధకం కాకపోవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆంధ్రలో అంతకంటే కాస్త ఎక్కువే. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే ఎంత పట్టుదల ఉన్నా కాళ్ళు కదలవు, తప్పంతా నీదే అనుకుని ఏడుస్తావు. దాంతో పాటు థైరాయిడ్, షుగరు కూడా చూపించు, మీ నాన్నకి షుగరుంది కాబట్టి. టేపుతో నడుము కొలుచుకో. మన దేశపు ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు. తూకం యంత్రం రోజూ ఎక్కకు, అది ఉప్పు తిన్న రోజు ఒకలా, తినని రోజు ఒకలా చెబుతుంది.

ఇంకొకటి. ఫోన్లో అడగలేదు, పక్కన మీ ఆయన ఉన్నాడు. ఇద్దరు పిల్లల్ని కన్నావు. దూకినప్పుడూ తుమ్మినప్పుడూ మూత్రం రెండు చుక్కలు జారుతోందా? చాలామందికి అవుతుంది, ఎవరూ చెప్పుకోరు, దానికే ఆటలు మానేసినవాళ్ళని నేనెరుగుదును. మూత్రాన్ని ఆపుకోవడానికి బిగించే కండరాలు ఉంటాయి కదా, కూర్చున్న చోటే వాటిని బిగించి, ఐదు లెక్కపెట్టి వదులు. పదిసార్లు, రోజుకి మూడు విడతలు. మూత్రం పోసేటప్పుడు మాత్రం చెయ్యకు. మూడు నెలలైనా చేస్తేగానీ తేడా తెలియదు. అప్పటికీ తగ్గకపోతే లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళు, సిగ్గుపడకు. వెల్లకిలా పడుకుని తల కాస్త ఎత్తితే పొట్ట నడిమధ్యన గట్టులా లేస్తోందేమో కూడా చూసుకో. లేస్తే లేచి కూర్చునే పొట్ట కసరత్తులు ఇప్పుడొద్దు, ఫిజియోథెరపిస్టుని అడిగే చెయ్యాలి.

ఇక చెయ్యాల్సింది. మొదటి మూడు వారాలు పరుగు మాటెత్తకు. వారంలో ఐదు రోజులు అరగంట జోరు నడక, మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత జోరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే వారానికి 150 నిమిషాలూ అక్కడికి సరి. ఫోన్లో పదివేల అడుగుల లెక్క చూసి గుండెలు బాదుకోకు, ఆ అంకె 1965లో జపాన్‌లో ఒక అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్ముకోవడానికి ప్రచారంలోకి వచ్చింది, డాక్టర్లు తేల్చింది కాదు. వారానికి రెండు రోజులు ఇంట్లోనే బలం కసరత్తు చెయ్యి. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి ఎదురుగా నిలబడి దండీలు, మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు లేపి, ఎత్తినదానికంటే నెమ్మదిగా దించడం. చివరిది చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, నీకు అన్నిటికంటే అవసరమైనది అదే. నాలుగో వారంలో ఒక నిమిషం జాగింగ్, మూడు నిమిషాలు నడక, అలా ఆరుసార్లు. రోజు విడిచి రోజు, వరసగా రెండు రోజులు వద్దు. ఆ పైన రెండు వారాలకోసారి కాస్త పెంచు. ఖోఖోలో లాగా వంకర్లు తిరగడం, ఒక్కసారిగా ఆగడం మూడు నెలలు దాటాకే.

బరువులెత్తితే పిల్ల మగరాయుడిలా తయారవుతుందని మా బడిలో తల్లులు నాతో వాదించేవారు. మా జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చాక, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయ్యాక, ఆ వాదన కాస్త తగ్గింది. నిన్ను నేను అడిగేది ఐదు కిలోల బియ్యం సంచి గుండెకి హత్తుకుని కుర్చీలోంచి లేవమని, అదీ రెండో నెలలో. ముప్ఫై దాటాక కండ కొద్దికొద్దిగా తరుగుతూనే ఉంటుంది, నడక ఒక్కటే దాన్ని నిలబెట్టలేదు.

సమయం లేదంటావు, ఇక్కడ నీతో పోట్లాడాలి. చెయ్యాలంటే నాలుగున్నరకి లేవాలన్నావు. రాత్రి పదకొండున్నరకి పడుకునేదానివి నాలుగున్నరకి లేస్తే ఆ కసరత్తు ఒంటికి పట్టదు, పది రోజుల్లో మంచాన పడతావు. ఆ అరగంట నీ నిద్రలోంచి కాదు, ఇంటి పనిలోంచి రావాలి. మంగళ, గురు, శనివారాలు పొద్దుటి టిఫినూ పిల్లల క్యారేజీలూ అల్లుడుగారు చూసుకుంటారు. ఉప్మా ఉండకట్టినా పిల్లలు తింటారు, చచ్చిపోరు. అడగడానికి మొహమాటపడకు. ఆదివారం క్రికెట్‌కి వెళ్ళడానికి ఆ అబ్బాయి ఎవర్నీ బతిమాలుకోవడం నేను చూడలేదు.

తిండి సంగతి ఎక్కువ చెప్పను, అన్నం మానెయ్యమని అసలు చెప్పను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి, నీకు రోజుకి 50 గ్రాముల పైమాట. గుడ్డుకి ఆరు గ్రాములు, 30 గ్రాముల కందిపప్పుకీ దాదాపు అంతే. నువ్వు తినేది కంచం నిండా అన్నం, గరిటెడు పప్పు. ఆ కొలతలు తారుమారు చెయ్యి. అన్నం తిన్న వెంటనే కాఫీ తాగకు, తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తుంది. కాఫీ తర్వాత తాగు, కూరలో నిమ్మకాయ పిండుకో.

బెజవాడ ఎండ గురించి నీకు నేను చెప్పాలా? మార్చి దాటితే ఏడింటికల్లా ఇంటికొచ్చెయ్యాలి. రోడ్డు మీద కుక్కలూ, ఆటోలూ, చూసేవాళ్ళూ ఇబ్బందైతే ఇందిరాగాంధీ స్టేడియానికి వెళ్ళు, పొద్దున్నే నడిచేవాళ్ళుంటారు, తోడు దొరుకుతుంది. ఛాతీలో బరువుగా ఉన్నా, దవడకో చేతికో నొప్పి పాకినా, కళ్ళు తిరిగినా అక్కడే కూర్చుని ఎవరినైనా పిలువు. ఇంటిదాకా వెళ్ళి చూద్దామనుకోకు.

శనివారం రక్తం ఇచ్చి రిపోర్టు వాట్సాప్‌లో పంపు. 12 కంటే తక్కువొస్తే డాక్టరమ్మ రాసిన మాత్రలు మొదలుపెట్టి, ఆవిడ సరే అనేదాకా పరుగు పక్కన పెట్టు, నెమ్మదిగా నడుస్తూ ఉండు. బూట్లకి సాయంత్రం పూట వెళ్ళు, పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు వేలెడు చోటు మిగలాలి. మీ నాన్న నీ దగ్గరున్నన్నాళ్ళూ ఆయన్ని కూడా స్టేడియానికి లాక్కెళ్ళు, నా మాట ఎలాగూ వినడు.

మీ అత్త