టాంక్ అంటే తొట్టేనా?

రాజంపేటలో బస్సెక్కి కడప దారిన పోతే, ఒంటిమిట్టలో ఒక పెద్ద చెరువు కనిపిస్తుంది. దానిని ఇంగ్లీషులో ఏమనాలి? మీలో చాలామంది ‘లేక్’ అంటారు. కొందరు ‘పాండ్’ అంటారు. కాని ఇంజనీర్ల కాగితాలలోనూ, భూగోళ శాస్త్రం పుస్తకాలలోనూ దాని పేరు ‘టాంక్’.

మీకు నవ్వు రావచ్చు. టాంకు అంటే మిద్దెమీద పెట్టుకునే తొట్టి కదా! మోటారు సైకిలుకు పెట్రోలు పోసేది కూడా టాంకే. అంత పెద్ద చెరువుకు ఆ పేరేమిటి?

లేక్ అంటే సాధారణంగా తనంతట తాను ఏర్పడిన సరస్సు. పాండ్ చిన్నది, మన కుంట వంటిది. వాగుకు అడ్డంగా మనుషులు కట్ట పోసి, వాననీటిని నిలబెట్టి, తూము గుండా పొలాలకు వదిలేది టాంక్. గుడి కోనేరును కూడా టాంక్ అనే అంటారు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ గట్టుకు ‘టాంక్‌బండ్’ అని పేరు వచ్చింది అందుకే. అయితే ఇంగ్లండులో పుట్టి పెరిగిన పిల్లవాడితో “మేము ఊరి టాంకులో ఈతకొట్టాము” అని చెప్పి చూడండి, తెల్లబోతాడు! వాడికి టాంక్ అంటే తొట్టి మాత్రమే.

నిజానికి ఈ మాట ఇంగ్లీషు వాళ్ళు మన దేశంలోనే నేర్చుకున్నారంటారు. గుజరాతీ, మరాఠీ భాషలలో నీటి నిల్వకు ఇటువంటి మాటే వున్నది. దానికి మూలం సంస్కృతంలోని తటాకమే కావచ్చునని కొందరి ఊహ. పోర్చుగీసు వారికి కూడా ‘టాంకె’ అనే మాట వుండేది. ప్రవాహాన్ని ఆపడం అనే అర్థంలోనుంచి వచ్చింది అది. రెండూ కలిసిపోయాయి. అంటే ముందు నీటి నిల్వ, తొట్టి తరువాత!

మరి యుద్ధపు టాంకు? 1915లో బ్రిటిష్ వారు ఇనుప కవచం గల బండిని రహస్యంగా తయారు చేయిస్తూ, ఇవి నీళ్ళు మోసే తొట్లని బయటికి చెప్పారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో అవి యుద్ధంలోకి దిగాయి. రహస్యం పోయింది గాని పేరు మిగిలింది.

తొట్టిని కొని తెచ్చుకోవచ్చు. చెరువును అలా తేలేము. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శిలాశాసనం వున్నది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజూ 1000 మంది కూలీలు, రాళ్ళకు 100 బండ్లు, రెండేళ్ళ పని. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను ఆ శాసనం చెబుతుంది: గట్టి నేల, కొండల నడుమ రాతి కట్ట, లోతైన విశాలమైన గర్భం, దగ్గరలో రాతిగని, పనివాళ్ళు... దోషాలు ఆరు. అందులో మొదటిది కట్టనుంచి నీరు ఊరడం! నాటి వారి చూపు ఎక్కడ వున్నదో గమనించారా?

ఇప్పుడు అసలు సంగతి. చెరువు నిండి అలుగు పారితే (మన సీమలో మరవ పారడమంటారు) మన ఇంజనీర్లు ‘ది టాంక్ ఈజ్ సర్‌ప్లసింగ్’ అని వ్రాస్తారు. ఇది రైతుకు పండుగ వార్త. కట్టకు గండి పడితే ‘ది టాంక్ హాజ్ బ్రీచ్డ్’. ఇది వెంటనే ఊరు ఖాళీ చేయవలసిన వార్త. రెంటినీ “నీళ్ళు పొంగాయి” అని తెలుగు చేస్తే పరీక్షలో మార్కులు పోవడంతో సరిపోదు. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువ పల్లెలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. అది చెరువు కాదు, నదికి కట్టిన ఆనకట్ట. అక్కడ ‘డామ్’ అనాలి. కాని గండికి మాట ఒకటే, బ్రీచ్.

ఈ వాక్యం తెలుగు చేయండి: ‘ది టాంక్ ఈజ్ ఫుల్.’ పెట్రోలు బంకు దగ్గర మోటారు సైకిలు ఆసామి అంటే ఒకలాగా, ఒంటిమిట్ట రైతు అంటే ఇంకొకలాగా వ్రాయాలి సుమా!