ప్రశ్నలు - జవాబులు: స్టీమ్ ఐరన్ కొనేముందు కుళాయి నీళ్లు చూడండి

ఈ వారం ఉత్తరాలన్నీ ఇస్త్రీ పెట్టె చుట్టూనే తిరిగాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే: "ఏ కంపెనీది కొనమంటారు?" కంపెనీ పేరు నేను చెప్పను. మీ గోడలో ఏ సాకెట్ ఉంది, కుళాయిలో ఏ నీళ్లొస్తున్నాయి, బీరువాలో ఏ బట్టలున్నాయి, ఈ మూడూ చూసుకుంటే కంపెనీ సంగతి మీరే తేల్చుకోగలరు.

ప్రశ్న: మా ఆయనకు రోజూ కాటన్ చొక్కాలు, బాబుకి స్కూలు యూనిఫాం, ఆఫీసుకు నాకు కాటన్ చీరలు. ఇస్త్రీ బండి అతను మా వీధికి రావడం మానేశాడు. షాపులో 750 వాట్ల మామూలు ఐరన్ నుంచి 2,200 వాట్ల స్టీమ్ ఐరన్ దాకా వరసగా చూపించి, "వాట్లు ఎంత ఎక్కువుంటే అంత మంచిది మేడమ్" అంటున్నారు. నిజమేనా?
(ఒక ఉద్యోగిని, కరీంనగర్)

జవాబు: సగం నిజం. వాట్లు ఎక్కువైతే పెట్టె తొందరగా కాగుతుంది. ఆవిరి వదిలినప్పుడు అడుగుభాగం కాస్త చల్లబడుతుంది చూడండి, అది కూడా వెంటనే కోలుకుంటుంది. కానీ ఆ కరెంటును మీ సాకెట్ మోయాలి కదా! లైటు స్విచ్చుల పక్కన ఉండే చిన్న సాకెట్ 6 యాంపియర్లది. 230 వోల్టుల దగ్గర లెక్కేస్తే అది మోసేది 1,380 వాట్లు, అదీ పిన్నులు బిగువుగా పట్టినప్పుడు. గీజర్‌కో ఏసీకో వాడే పెద్ద సాకెట్, మనం పవర్ ప్లగ్ అంటామే, అది 16 యాంపియర్లది. 2,000 వాట్లు దాటిన ఐరన్ దానికే పెట్టాలి. పెద్ద పిన్నుల ప్లగ్గును చిన్న సాకెట్‌లోకి దూర్చడానికి బజారులో ఒక కన్వర్టర్ ముక్క దొరుకుతుంది. దాన్ని ఇంటికి తేకండి. చవకగా కొన్న ఆ ముక్కే వేడెక్కి, కరిగి, సాకెట్‌ను కూడా నల్లగా కాలుస్తుంది. మీరు ఇస్త్రీ చేసుకునే గదిలో పవర్ ప్లగ్ లేకపోతే 1,200, 1,250 వాట్ల స్టీమ్ ఐరన్ దగ్గర ఆగిపోండి. ఇంటి అవసరానికి అది తక్కువేం కాదు. ఇన్వర్టర్ మీద మాత్రం ఏదీ వద్దు.

మీ ఇంట్లో కాటన్ ఎక్కువ కాబట్టి ఆవిరి మీకు దండగ కాదు. నూలు పోగులోని అణువులను ఒకదానికొకటి పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తడి తగలగానే వదులవుతాయి. అప్పుడు వేడీ బరువూ పడితే పోగు చదునుగా సర్దుకుంటుంది, తడి ఆరగానే అలాగే బిగుసుకుపోతుంది. వెనకటివాళ్లు చెంబుతో నీళ్లు పక్కన పెట్టుకుని చేత్తో చిలకరించింది ఇందుకే. బాబు యూనిఫాం టెరికాటన్ అయితే దానికి ఆవిరి అక్కర్లేదు, మామూలు ఐరన్‌కే లొంగుతుంది.

డబ్బా మీద వాట్ల తర్వాత చూడాల్సింది నిమిషానికి ఎన్ని గ్రాముల ఆవిరి వస్తుందని. చొక్కాలకు 15, 20 గ్రాములు చాలు. కాటన్ చీరలు, దుప్పట్లు కూడా చేస్తారంటే 25 పైన ఉన్నది తీసుకోండి. "స్టీమ్ బూస్ట్ 100 గ్రాములు" అని పెద్దక్షరాల్లో వేసేది వేరే లెక్క. అది బటన్ నొక్కినప్పుడు ఒక్కసారిగా ఎగజిమ్మే ఆవిరి గురించి, మొత్తం చీర అంతటా వచ్చేదాని గురించి కాదు. ఐఎస్ఐ గుర్తు తప్పనిసరిగా ఉండాలి. ఆ గుర్తుతో ఉన్న లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తేలిపోతుంది. అడుగు సంగతికొస్తే నాన్‌స్టిక్ పూత బాగా జారుతుంది గానీ జిప్పులూ హుక్కులూ గీరితే లేచిపోతుంది. స్టీలు మొండిది, చాలాకాలం ఉంటుంది. చివరగా, షాపులోనే పెట్టెను చేత్తో పట్టుకుని ఒక నిమిషం అటూఇటూ ఆడించి చూడండి. ట్యాంకు నిండా నీళ్లు పోస్తే ఇంకో పావుకిలో తోడవుతుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: కొన్న ఆర్నెల్లకే స్టీమ్ రంధ్రాల్లోంచి తెల్లటి పొడి రాలుతోంది. నల్ల ప్యాంటు మీద పడితే సున్నం చల్లినట్టుంది. మాది బోరు నీళ్లు. పెట్టె పాడైపోయినట్టేనా?
(ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: సున్నం చల్లినట్టు కాదండీ, అది సున్నమే. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీళ్లు కాగినప్పుడు విడిపోయి గట్టిపడతాయి. గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్ల పెచ్చూ ఇదీ ఒకటే. రాయలసీమలోనూ, తెలంగాణలో బోరు మీద బతికే చాలా కాలనీల్లోనూ స్టీమ్ ఐరన్‌ను చంపేది వాడకం కాదు, నీళ్లే. అందుకే కొనేముందు నీళ్లు చూడమన్నాను.

పెట్టె ఇంకా పోలేదు. దాని మీద "సెల్ఫ్ క్లీన్" అని మీట ఉంటే ఇలా చేయండి. ట్యాంకు నిండా మంచి నీళ్లు పోసి, వేడిని ఆఖరుకు తిప్పి, లైటు ఆరేదాకా కాగనివ్వండి. ప్లగ్ తీసేయండి. సింకు మీద అడ్డంగా పట్టుకుని సెల్ఫ్ క్లీన్ మీట నొక్కి ముందుకూ వెనక్కూ ఊపండి. మరిగే నీళ్లూ ఆవిరీ, వాటితో పాటు పెచ్చులూ పడతాయి. చేతులు దూరంగా ఉంచుకోండి, పిల్లల్ని వంటింట్లోంచి పంపేయండి. నీళ్లు తేటగా పడేదాకా ఇంకోసారో రెండుసార్లో చేయాల్సిరావచ్చు. తర్వాత పాత గుడ్డ మీద రుద్ది చూశాకే నల్ల ప్యాంటు జోలికి వెళ్లండి. మీ నీళ్లకైతే నెలకోసారి ఈ పని తప్పదు.

నిమ్మ ఉప్పు, వెనిగర్ పోయమని చాలామంది చెబుతారు. అవి సున్నాన్ని కరిగించే మాట నిజమే. కానీ ఆవిరి పుట్టే గదిలోపలి పూతనూ రబ్బరు వాషర్లనూ కూడా తినేస్తాయి. మీ పెట్టెతో వచ్చిన పుస్తకం పోయమంటేనే పోయండి.

ఇకమీదట ఆర్ఓ నీళ్లు వాడండి. అవి లేకపోతే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి కుళాయి నీళ్లలో సగం సగం కలపండి. బ్యాటరీ షాపులో కొంటే డబ్బా మీద అక్షరాలు చదివి మరీ కొనండి, అలాంటి డబ్బాలోనే యాసిడ్ కూడా అమ్ముతారు. అదీ దొరకని ఊళ్లో నీళ్లు బాగా మరిగించి, చల్లార్చి, అడుగున పేరుకున్నది కదలకుండా పైతేట వంచుకుంటే కొంత సున్నమైనా తగ్గుతుంది. ఏ నీళ్లు పోసినా పని అవగానే ట్యాంకు ఖాళీ చేసి, పెట్టెను నిలబెట్టి ఉంచండి.

ప్రశ్న: ఏసీ పైపులోంచి కారే నీళ్లు బకెట్లో పడుతున్నాయి. అవి డిస్టిల్డ్ వాటరే కదా, ఐరన్‌లో పోసుకోవచ్చా?
(ఒక రిటైర్డ్ టీచర్, విజయవాడ)

జవాబు: మాస్టారూ, మీ సైన్సు సరైనదే. అవి గాలిలోని ఆవిరి చల్లబడి కారిన నీళ్లు, వాటిలో సున్నం ఉండదు. కానీ అవి ఏసీ లోపలి దుమ్ము మీదుగా, పాకుడు పట్టిన ట్రే మీదుగా వస్తాయి. ఆ మురికి ఐరన్ లోపల మాడి తెల్ల చొక్కా మీద గోధుమరంగు మరకై దిగుతుంది. నేల తుడవడానికి వాడుకోండి.

ప్రశ్న: నా దగ్గర గద్వాల చీరలున్నాయి, రెండు కంచి పట్టుచీరలున్నాయి. స్టీమ్‌తో జరీ నల్లబడుతుందా? గంజి పెట్టిన మంగళగిరి చీరలకు కూడా స్టీమ్ వాడొచ్చా?
(ఒక గృహిణి, మహబూబ్‌నగర్)

జవాబు: గద్వాల చీర విడ్డూరమే వేరు. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. అంటే ఒకే చీరకు రెండు వేడులు కావాలి. ఐరన్ మీద ఉండే చుక్కల్లో ఒక చుక్క సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలు 150, మూడు చుక్కలు 200. చాలామంది ముందు ఒంటిభాగం చేసేసి, తర్వాత వేడి తగ్గించి అంచుకు వస్తారు. ఆ వరసను తిరగేయాలి. పెట్టె కాగినంత తొందరగా చల్లారదు. మీట తగ్గించినా అడుగు ఇంకా నూలు వేడి మీదే ఉంటుంది, పట్టు కమిలిపోతుంది. కాబట్టి ముందు కొంగూ అంచులూ తక్కువ వేడిలో, ఆ తర్వాత వేడి పెంచి ఒళ్లు. వారానికి సరిపడా బట్టలు ఒకేసారి చేసేవాళ్లకూ ఇదే వరస: ముందు సింథటిక్, తర్వాత పట్టు, ఆఖర్న కాటన్.

పట్టుకు ఆవిరి ఆపేయండి. చీరను తిరగేసి, పైన పాత తెల్ల పంచె ముక్క పరిచి, తక్కువ వేడిలో పొడిగా లాగండి. పట్టు మీద నీటిబొట్టు పడితే మచ్చ నిలిచిపోతుంది, సరిగ్గా కాగని స్టీమ్ ఐరన్ అలా బొట్లు ఉమ్ముతుంది. జరీ వెండిదైతే తడీ గాలీ తగిలిన కొద్దీ దానంతట అదే నల్లబడుతుంది, అందుకు ఇస్త్రీని తప్పు పట్టలేం. అదే ప్లాస్టిక్ జరీ అయితే వేడికి ముడుచుకుపోతుంది. అది ఏ జరీయో మీకు తెలియకపోతే మడతలోపలికి పోయే అంచు చివర ఒక అంగుళం మేర ప్రయత్నించి చూడండి. బీరువాలో పెట్టాక కొన్నాళ్లకోసారి మడత మార్చండి, జరీ విరిగేది మడత దగ్గరే.

గంజి చీరకు స్టీమ్ కన్నా పాత పద్ధతే మేలు. పూర్తిగా ఆరకముందే తీసేయండి. ఆరిపోతే నీళ్లు చిలకరించి, చాపలా చుట్టి పది నిమిషాలు ఉంచి, ఆవిరి లేకుండా మూడు చుక్కల మీద చేయండి. ఆవిరి ధారగా తగిలితే గంజి మళ్లీ జిగురై అడుగుకు అంటుకుని మాడుతుంది. గంజిని పొరపాటున కూడా ట్యాంకులో పోయకండి.

ప్రశ్న: నైలాన్ చున్నీ చేస్తుంటే ఐరన్ కిందనుంచి నీళ్లు కారాయి. కాటన్‌కి అలా కారడం లేదు. లోపమా?
(ఒక విద్యార్థిని, తిరుపతి)

జవాబు: లోపం కాదు. ఒక చుక్క వేడిలో నీటిని ఆవిరి చేసేంత కాక అడుగుకు ఉండదు, అందుకని నీళ్లు నీళ్లుగానే జారతాయి. తక్కువ వేడిలో స్టీమ్ మీటను సున్నా దగ్గర పెట్టుకోండి. ఆవిరి రెండు చుక్కలు దాటాకే.

ప్రశ్న: ఐరన్ చేస్తుంటే చేతికి జివ్వుమంటోంది. చెప్పులు వేసుకుంటే ఏమీ లేదు. చెప్పులతో కానిచ్చేయొచ్చా?
(ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: వద్దమ్మా. ఈ ఉత్తరం చదివి భయమేసింది. చెప్పులు వేసుకుంటే కరెంటు లీకు ఆగదు, మీ ఒంట్లోంచి పోయే దారి మాత్రమే మూసుకుపోతుంది. తడికాలితో నిలబడ్డ రోజు ఆ దారి తెరుచుకుంటుంది. ఇవాళే ప్లగ్ తీసేయండి. పెట్టెలో లీకు ఉండొచ్చు. చాలాకాలం వాడకుండా వదిలేసిన పెట్టె కాయిల్‌లోకి తేమ చేరినా ఇలా అవుతుంది. దాంతో పాటు మీ ఇంట్లో ఎర్తింగ్ కూడా పనిచేయడం లేదని అర్థం. అది పనిచేస్తుంటే లీకైన కరెంటు మీ చేతిదాకా రాకుండా మూడో పిన్నులోంచి భూమిలోకి పోయేది. కాబట్టి పెట్టెను రిపేరుకిచ్చి ఊరుకోకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. అతను ఎలాగూ వస్తాడు కాబట్టి మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టమనండి. లీకు కనిపించగానే అదే కరెంటు కట్ చేస్తుంది.

ప్రశ్న: ఆవిరి కొట్టి వేళ్లు కాలితే టూత్‌పేస్ట్ రాయొచ్చా?
(ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: పేస్టూ వద్దు, పసుపూ వద్దు, ఐసూ వద్దు. కుళాయి కింద 20 నిమిషాలు పారే నీళ్లలో ఉంచండి. ఉంగరాలుంటే వాపు రాకముందే తీసేయండి. బొబ్బ పెద్దదైనా, కాలింది చిన్నపిల్లలైనా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: హ్యాంగర్‌కు తగిలించి ఆవిరి కొట్టే గార్మెంట్ స్టీమర్ కొంటే ఇక ఐరన్ అక్కర్లేదా?
(ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: మీ బట్టలన్నీ జార్జెట్, షిఫాన్, వర్క్ బ్లౌజులైతే అక్కర్లేదు. కర్టెన్లకు, పెళ్లి షేర్వానీకి కూడా అది మంచిదే. కానీ కాటన్ ప్యాంటుకు కత్తిలాంటి గీత కావాలంటే బరువు పడాలి, స్టీమర్‌కు బరువు లేదు. ఒంటి మీద బట్టలు ఉండగానే ఆవిరి కొట్టుకోకండి. ఆఫీసుకు ఆలస్యమైనా సరే.

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్‌కి డాలస్ వెళ్తోంది. ఇక్కడి స్టీమ్ ఐరన్ సూట్‌కేసులో పెట్టమంటారా?
(ఒక తల్లి, రాజమహేంద్రవరం)

జవాబు: వద్దండీ. అమెరికాలో కరెంటు 120 వోల్టులే. మన 230 వోల్టుల పెట్టెను అక్కడ పెడితే వోల్టేజీ దాదాపు సగానికి, శక్తి దాదాపు నాలుగో వంతుకు పడుతుంది. 1,250 వాట్ల పెట్టె అక్కడ 340 వాట్ల దగ్గర నత్తనడకన కాగుతూ కూర్చుంటుంది. ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. అమ్మాయి తిరిగొచ్చేటప్పుడు అక్కడి ఐరన్ ఇక్కడికి తెస్తే ఇంకా ప్రమాదం, పెట్టిన కాసేపటికే కాయిల్ కాలిపోతుంది. లండన్‌కో దుబాయ్‌కో అయితే మన పెట్టె పనిచేస్తుంది, అక్కడి మూడు చదును పిన్నుల ప్లగ్ బిగించుకుంటే చాలు. డాలస్‌కు మాత్రం సూట్‌కేసులో ఆ చోటు పచ్చళ్లకు వదిలేయండి.