చెరిపే మీట వెనుక ఏముంది?

పలక మీద రాసింది చెరపాలంటే తడిగుడ్డ చాలు. ఒక అక్షరం చెరిపినా, పలకంతా చెరిపినా చేతికి పెద్ద తేడా తెలియదు. కంప్యూటరుకైతే అసలే తెలియదు. ఒక్క పనిని తొలగించమన్నా, పదివేల పనులను తొలగించమన్నా అది ఎదురుప్రశ్న వేయకుండా చేసేస్తుంది. కాబట్టి ఆ ప్రశ్నలేవో మనమే ముందుగా ఆలోచించి దానికి నేర్పాలి. ఎలాగో చూద్దాం.

పనుల జాబితా రాసుకునే యాప్‌ను మీరు ఫోనులో చూసే ఉంటారు. చేయవలసిన పనులను వరుసగా రాసుకుంటాం. పని అయిపోగానే పక్కనున్న గడిలో టిక్కు పెడతాం. మీ పాఠశాలలో సైన్సు ప్రదర్శన జరిగిందనుకోండి. చార్టులు గీయించడం, బల్లలు తెప్పించడం, బ్యాటరీలు కొనడం, ముఖ్య అతిథికి ఉత్తరం రాయడం - అన్నీ కలిపి జాబితాలో 240 పనులు పేరుకున్నాయి. వాటిలో 180 పూర్తయ్యాయి. ఆ 180 పనులను ఒక్కొక్కటిగా తీసేస్తూ కూర్చుంటే ఎంతసేపు పడుతుంది! పూర్తయినవన్నీ ఒకేసారి తీసేసే మీట ఒకటి ఉంటే బాగుంటుంది కదూ? ఆ మీటను మనమే తయారుచేద్దాం. ఈ పనికి మూకుమ్మడి తొలగింపు అని పేరు పెట్టుకుందాం.

ఎవరికైనా ముందుగా తోచే పద్ధతి ఇది: జాబితా మొదట్లో మొదలుపెట్టి చివరిదాకా నడవాలి. టిక్కు ఉన్న పని కనిపిస్తే తీసేయాలి. లేకపోతే ముందుకు పోవాలి. ఇంతకంటే సులువైనది ఏముంటుంది? అయినా ఒకసారి ప్రయోగం చేద్దాం. ఆరు కాగితపు చీటీలు తీసుకోండి. వాటి మీద వరుసగా చార్టు, బల్ల, తీగ, బల్బు, జిగురు, బ్యానరు అని రాయండి. తీగ, బల్బు చీటీలకు టిక్కు పెట్టండి. నేల మీద సుద్దముక్కతో 1 నుంచి 6 వరకు స్థానాలు వేసి, ఒక్కో స్థానంలో ఒక్కో చీటీ ఉంచండి. ఇప్పుడు కంప్యూటరు మీరే.

1, 2 స్థానాల్లో టిక్కు లేదు, దాటారు. 3వ స్థానంలో తీగ ఉంది, టిక్కు ఉంది, తీసేశారు. కంప్యూటరులోని ఇలాంటి వరుసలో మధ్యన ఖాళీ మిగలదు. ఒకటి పోతే వెనకున్నవన్నీ ఒక్కో స్థానం ముందుకు జరుగుతాయి. మీరూ అలాగే జరపండి. బల్బు 3వ స్థానంలోకి వచ్చింది. మీరేమో 3 అయిపోయిందనుకుని 4కు వెళ్లారు. అక్కడ జిగురు ఉంది, టిక్కు లేదు. అంటే బల్బు మీ కళ్లుగప్పి తప్పించుకుందన్నమాట! ప్రోగ్రాములు రాయడం కొత్తగా నేర్చుకునేవాళ్లను చాలామందిని ఈ బల్బు ఏడిపిస్తుంది. జాబితాలో టిక్కు ఉన్నవి పక్కపక్కన లేనంత కాలం ప్రోగ్రాము చక్కగా పనిచేస్తుంది కాబట్టి తప్పు తొందరగా దొరకదు.

చివరినుంచి మొదటికి నడిస్తే ఈ చిక్కు రాదు. ఎందుకు రాదో ఆ చీటీలతోనే తేల్చుకోండి. అయితే అంతకంటే గట్టి ఉపాయం ఇంకొకటి ఉంది: స్థానాన్ని నమ్మకపోవడం. మీ తరగతిలో మూడో బెంచీలో రెండో కుర్రవాడు ఎవరంటే రోజుకొకరు కావచ్చు. హాజరుపట్టీలో 17వ నంబరు ఎవరంటే ఏడాదంతా ఒక్కరే. అలాగే ప్రతి పనికీ యాప్ ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. ఆ పని ఎక్కడికి జరిగినా సంఖ్య మారదు. మన ప్రోగ్రాము ముందుగా ఏదీ ముట్టుకోకుండా జాబితా అంతా తిరిగి, టిక్కు ఉన్నవాటి గుర్తింపు సంఖ్యలను ఒక పక్క రాసుకుంటుంది. తరువాత ఆ పట్టీ చూసి తీసేస్తుంది. ఏరడం వేరు, పారేయడం వేరు. బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు మీ అమ్మమ్మ ఏరినవాటిని ఓ పక్కన పోగుచేసి, ఒకసారి చూసుకుని పారేయడం లేదూ?

ఇలా విడదీయడంవల్ల ఇంకో మేలుంది. పారేయబోయే ముందు ఆ పట్టీని మనిషికి చూపించవచ్చు. "180 పనులు తొలగిస్తున్నాను, సరేనా?" అని యాప్ అడగాలి. ఉత్త "సరేనా?" అంటే చాలదు. అలాంటి ప్రశ్నకు మనం చదవకుండానే సరే కొట్టేస్తాం. సంఖ్య కనిపిస్తే కన్ను ఆగుతుంది. 180కి బదులు 240 అని వస్తే, ఇంకా చేయాల్సిన 60 పనులు కూడా పట్టీలోకి ఎక్కాయని అర్థమవుతుంది. డేటాబేసులతో మాట్లాడే ఎస్.క్యు.ఎల్. అనే భాషలో తొలగించమనే ఆజ్ఞ ఉంది. దాని పక్కన "ఏవి?" అన్న షరతు రాయడం మన ఇష్టం. రాయడం మరిచిపోతే కంప్యూటరు అనుమానపడదు, పట్టిక మొత్తం ఖాళీ చేస్తుంది.

పట్టీ తప్పయితే ఏమవుతుందో చెప్పే ఉదంతం 2022లో జరిగింది. అట్లాసియన్ అనేది ఆస్ట్రేలియాలో పుట్టిన సంస్థ. జిరా, ట్రెల్లో అనే పేరున్న పనుల యాప్‌లు దానివే. ఎన్నో దేశాల కార్యాలయాలు తమ పనులు వాటిలోనే రాసుకుంటాయి. ఒక్కో ఖాతాదారుకు ఇచ్చిన చోటును ఒక ఇల్లు అనుకోండి. కొన్ని ఇళ్లలో ఒక పాత చిన్న యాప్ మిగిలిపోయింది. దాన్ని పాత కుర్చీ అనుకోండి. ఆ కుర్చీలన్నిటినీ తీసేయడానికి ఒక ప్రోగ్రాము సిద్ధం చేశారు. ముందుగా 30 చోట్ల నడిపి చూశారు. బాగానే పనిచేసింది. తరువాత ఏప్రిల్ 5న అసలు పట్టీ ఇచ్చి నడిపారు. ఒక బృందం తొలగించవలసినవాటి సంఖ్యలు ఇచ్చింది, ఇంకో బృందం నడిపింది. మధ్యలో మాట సరిగా అందలేదు. పట్టీలో ఉన్నవి కుర్చీల సంఖ్యలు కావు, ఇళ్ల సంఖ్యలు! తొలగించే సాధనం రెండు రకాల సంఖ్యలనూ తీసుకునేది. కుర్చీ సంఖ్య ఇస్తే కుర్చీని, ఇంటి సంఖ్య ఇస్తే ఇంటిని తీసేసేది. ఇది ఇల్లు సుమా అని చెప్పే ఏర్పాటు అందులో లేదు. 23 నిమిషాల్లో 775 మంది ఖాతాదారుల 883 ఇళ్లు మాయమయ్యాయి.

30 చోట్ల చేసిన పరీక్ష ఎందుకు కాపాడలేదు? ఆ 30 సంఖ్యలూ సరైనవి కాబట్టి. పరీక్షలో నెగ్గింది ప్రోగ్రాము. రెండో పట్టీని ఎవరూ పరీక్షించలేదు.

ఆ సంస్థ దగ్గర నకళ్లు భద్రంగానే ఉన్నాయి. అయినా అందరి ఇళ్లూ తిరిగి నిలబెట్టేసరికి ఏప్రిల్ 18 అయింది. ఎందుకంటారా? ఎన్నో ఇళ్లు కలిసి ఒకే అపార్టుమెంటులో ఉన్నాయి. పాత నకలు తెచ్చి మొత్తం పెట్టేస్తే, పోని ఇళ్లవాళ్లు ఆ తరువాత రాసుకున్నదంతా పోతుంది. పోయిన ఇంటిని మాత్రమే నకలులోంచి విడదీసి, పక్కింటి గోడ కదలకుండా పెట్టాలి. పైగా ఆ ఇళ్లతోపాటు ఖాతాదారులను చేరుకునే వివరాలు కూడా పోవడంతో, ఎవరికి కబురు చెప్పాలో తెలుసుకోవడమే ఓ పని అయింది.

అందుకని మన మీట నొక్కగానే పనులను నిజంగా చెరపదు. ప్రతి పనికీ "తొలగించిన తేదీ" అనే గడి ఒకటి చేరుస్తాం. మామూలుగా అది ఖాళీ. మీట నొక్కితే అందులో ఆనాటి తేదీ పడుతుంది. తేదీ ఉన్న పనిని యాప్ తెర మీద చూపించదు, అంతే. పొరపాటని తెలిస్తే తేదీ తుడిచేస్తే చాలు, పని తిరిగి ప్రత్యక్షం! 30 రోజులు దాటాక వేరే ప్రోగ్రాము వచ్చి నిజంగా ఊడ్చేస్తుంది. జీమెయిల్‌లో తీసేసిన ఉత్తరాలకు కూడా 30 రోజులే గడువు. ట్రెల్లోలోనైతే ఒక కార్డును ముందు అటక ఎక్కించి, ఆ తరువాత గాని తొలగించలేం. ఈ పద్ధతికి కొంత ఖర్చుంది. చోటు వెంటనే ఖాళీ కాదు. జాబితా చదివే ప్రతి ప్రోగ్రామూ ఆ గడిని చూడాలి. ఎవరైనా తమ వివరాలు నిజంగా చెరపమని కోరితే దాచిపెట్టి చెరిపామనకూడదు.

ఇంకొక్క సంగతి. 180 పనుల్లో 95 తీసేసరికి కరెంటు పోతే? సగం చెరిగిన జాబితా ఎవరికీ పనికిరాదు. మంచి డేటాబేసు తాను చేయబోయేదంతా ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది. కరెంటు వచ్చాక ఆ చిట్టా తిప్పి, పనంతా పూర్తిచేస్తుంది, లేదా మొదలే పెట్టనట్టు వెనక్కి తీసుకుంటుంది.

మళ్లీ చీటీల దగ్గరకు వద్దాం. 1 నుంచి 8 వరకు చీటీలు పేర్చి 2, 3, 4, 7, 8 చీటీలకు టిక్కు పెట్టండి. మనం మొదట రాసిన తప్పు పద్ధతిలోనే మొదటినుంచి చివరికి నడవండి. టిక్కు ఉన్నవాటిలో ఏవి తప్పించుకున్నాయి? అవి కూడా పోవాలంటే అదే పద్ధతిని మొత్తం ఎన్నిసార్లు నడపాలి? నాలుగే చీటీలతో, మూడుసార్లు నడిపితేగాని టిక్కులన్నీ పోని అమరిక ఒకటుంది. దాన్ని కనిపెట్టగలరా?