స్పందించే వస్త్రం

పట్టుచీర జరీ అంచును దగ్గరగా పరిశీలించండి. సంప్రదాయ జరీలో పట్టుదారం చుట్టూ సన్నని వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత పూస్తారు. వెండి ఉత్తమ విద్యుద్వాహకం. అందానికై మన నేతగాండ్రు వాడిన పోగు విద్యుత్తును సైతం మోయగలదన్నమాట!

ఇటువంటి పోగుల విలువను అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ పరిశోధకులు గుర్తించారు. పట్టుదారానికి రాగిరేకు చుట్టి నేసిన ఆర్గంజా వస్త్రంపై విద్యుత్ వలయాలను నిర్మించిన తీరును 1997లో రెహ్మీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ వివరించారు. ఆ పరిశోధనల్లో భాగంగానే లోహపు దారంతో మీటలు కుట్టిన డెనిమ్ కోటు రూపుదిద్దుకొంది. ఆ కుట్టుపనిని తాకితే సంగీతం పలికేది.

వస్త్రం స్పర్శనెట్లా గుర్తిస్తుంది? వేలు లోహపు కుట్టును తాకగానే అక్కడి కెపాసిటెన్స్ మారుతుంది. ఆ మార్పును మైక్రోకంట్రోలర్ గ్రహిస్తుంది. ఒత్తిడిని కొలవడానికి రెండు వాహక వస్త్రాల నడుమ కర్బనం కలిపిన పలుచని పొరనుంచుతారు. నొక్కినకొద్దీ దాని విద్యున్నిరోధం తగ్గుతుంది. లోహపు పోగు కలిపిన అల్లిక సాగినప్పుడు కూడా నిరోధం మారుతుంది. మోచేయి వంగిన సంగతి అట్లా తెలుస్తుంది. ఇవే మృదు సంవేదకాలు.

రూపకల్పన చేసేవారికి దర్జీ నేర్పు, ఇంజనీరు చూపు రెండూ అవసరం. వాహక దారానికి రాగితీగ కంటె నిరోధం అధికం. కనుక కుట్టు పొడవు తక్కువగా ఉండాలి. రెండు దారాలు తగిలితే షార్ట్ సర్క్యూట్ ఏర్పడుతుంది. ఉతికేముందు బ్యాటరీని తీయడానికి వీలుండాలి. 2007లో లియా బ్యూక్లీ రూపొందించగా మార్కెట్‌లోకి వచ్చిన లిలీప్యాడ్ ఆర్డునో అనే గుండ్రని బోర్డును సూదీదారాలతోనే బట్టకు కుట్టవచ్చు. దానితో ఈ విద్య సామాన్య విద్యార్థికి చేరువైంది.

జార్జియా టెక్‌లో 1996లో ప్రారంభమైన పరిశోధన, సైనికుని దేహంలో గుండు దిగిన చోటును తెలిపే చొక్కాకు దారితీసింది. ప్రాణరక్షణకు ఇంతకంటె మేలేముంది? అయితే మరొక ముఖం కూడా ఉంది. ముంజేతి అంచును తడితే ఫోను పలికే కోటును లీవైస్, గూగుల్ సంస్థలు 2017లో విడుదల చేశాయి. దానికి ఆధారమైన యాప్ 2023లో నిలిచిపోయింది. కోటు చినగలేదు, దాని తెలివి మాత్రం పోయింది. అంతకంటె ముఖ్యమైనది గోప్యత. గుండె లయను, శ్వాసను కొలిచే వస్త్రం ఆ వివరాలను ఎవరికి చేరవేస్తుంది? మానం కాపాడవలసిన వస్త్రమే గుట్టు రట్టు చేస్తే, అన్నవస్త్రాలకు పోతే ఉన్నవస్త్రం ఊడినట్లవుతుంది. కనుక సమాచారంపై మొదటి హక్కు ధరించినవారిదే కావాలి. ఆ హక్కును తొలికుట్టు నుండే వస్త్రంలో నేయడం రూపకర్త ధర్మం.

అర్థాలు
వాహకం = విద్యుత్తును ప్రసరింపజేసేది
సంవేదకం = మార్పును పసిగట్టే సాధనం, సెన్సర్
గోప్యత = రహస్యంగా ఉంచదగినది

ప్రశ్నలు
1. మృదు సంవేదకాలు ఒత్తిడిని, సాగుదలను ఎట్లా గుర్తిస్తాయి?
2. 'అన్నవస్త్రాలకు పోతే ఉన్నవస్త్రం ఊడింది' అనే సామెత ఈ పాఠానికి ఎట్లా వర్తిస్తుందో వివరించండి.