కిలిమంజారోకి ఐదు రోజులు చాలవు

ప్రశ్న: కిలిమంజారో ఎక్కాలనుంది. ఐదు రోజుల ప్యాకేజీ చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. కిలిమంజారో కొస అయిన 5,895 మీటర్ల ఉహురు శిఖరం మీద మనకందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో ఇంచుమించు సగమే. దానికి ఒళ్లు అలవాటు పడాలంటే రోజులు కావాలి. జిమ్‌లో పెంచిన కండ ఇక్కడ అక్కరకు రాదు. ఏడు రోజుల మచామే, ఎనిమిది రోజుల లెమోషో దారులు మేలు. రెండింటిలోనూ 4,600 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కించి, రాత్రి పడుకోవడానికి 4,000 మీటర్ల లోపున్న బరాంకో క్యాంపుకి దింపుతారు. ఆ దిగడమే అసలు మందు. గైడు ఎలాగూ తప్పనిసరి. ఆక్సిజన్ సిలిండర్ వెంట ఉంటుందా, సామాను మోసే కూలీలకు ఎంత ఇస్తారు అని ముందే అడగండి. బేరం మరీ తగ్గితే కోత పడేది కూలీల జీతానికే. మార్చి నుంచి మే దాకా వానలు, వెళ్లకండి. తలనొప్పితో పాటు నడక తూలితే వెంటనే కిందికి దిగిపోండి.